ఫైటర్, విజార్డ్ కలిపేటప్పుడు ఏది ముందు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల రోల్‌ప్లేయింగ్ ఆట ఐదో ఎడిషన్‌లో ఒకే పాత్రకి ఈ రెండు క్లాసులూ (యోధుడు, మాంత్రికుడు అనే వృత్తులు) కలపాలనుకుంటే మొదటి లెవెల్ ఫైటర్‌కే ఇవ్వండి. హెవీ ఆర్మర్ (బరువైన కవచం), కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో (ఒంటి దారుఢ్యంతో ప్రమాదాన్ని తట్టుకునే పాచిక పరీక్షలో) ప్రావీణ్యం ఫైటర్‌గా మొదలుపెట్టినవాళ్ళకే దక్కుతాయి. తర్వాత చేరితే మీడియం ఆర్మర్‌తో సరిపెట్టుకోవాలి. దెబ్బ తగిలినప్పుడు కాన్‌సెంట్రేషన్ మంత్రం (ఏకాగ్రత ఉన్నంతసేపే నిలిచేది) చెదరకుండా కాపాడేది ఆ సేవే: పాచికతో అందుకోవాల్సిన లక్ష్యం 10, లేదా తగిలిన డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది.

రెండు క్లాసులు కలిపే అర్హతకు ఇంటెలిజెన్స్ స్కోర్ 13తోపాటు స్ట్రెంగ్త్ గానీ డెక్స్‌టెరిటీ గానీ 13 ఉండాలి. చైన్ మెయిల్ అనే హెవీ ఆర్మర్ వేసే ఆలోచన ఉంటే ఆ 13 స్ట్రెంగ్త్‌కే పెట్టండి, లేదంటే నడక 10 అడుగులు తగ్గుతుంది.

అసలు తంటా ఐదో లెవెల్లో. అచ్చమైన విజార్డ్ 8డీ6 (ఎనిమిది ఆరుముఖాల పాచికల) డ్యామేజీ చేసే ఫైర్‌బాల్ మంత్రం విసురుతుంటాడు, అచ్చమైన ఫైటర్‌కి ఒకే వంతులో రెండో దెబ్బ వస్తుంది. ఫైటర్ 2, విజార్డ్ 3 అయినవాడికి రెండూ ఉండవు. ఫైర్‌బాల్ కోసం మొత్తం ఏడో లెవెల్ దాకా ఆగాలి. అందుకే ఫైటర్ ఒక్క లెవెలే చాలంటాను. ఫైటర్ రెండో లెవెల్లో వచ్చే యాక్షన్ సర్జ్ (ఒకే వంతులో అదనపు యాక్షన్) మీద మోజా? 2024 నియమాల్లో ఆ అదనపు యాక్షన్‌తో మంత్రం వేయనివ్వరు. ఎబిలిటీ స్కోర్ (స్ట్రెంగ్త్, ఇంటెలిజెన్స్ లాంటివాటి అంకె) పెంపూ ఆలస్యమే, ఏదో ఒక క్లాసులో నాలుగో లెవెల్ చేరితేనే వస్తుంది.