అడుగున బల్ల ఉన్న పడవ

రే రాబర్ట్స్ జలాశయం డాలస్‌కు ఉత్తరాన ఉంది. సెలవు రోజున వెళ్లి రావడానికి అనువైన దూరం. గాలి నింపుకునే పడవ ఒకటి కొందామన్న మాట మా ఇంట్లో చాలాకాలంగా నలుగుతోంది. వెతికి వెతికి చివరికి ఇంటెక్స్ వారి రెండు పడవల దగ్గర ఆగాం. ఒకటి మెరీనర్ 4, రెండోది ఎక్స్‌కర్షన్ 5. పేరులోని అంకె ఎంతమంది పడతారో చెబుతుందట. మొదటిది పదకొండు అడుగులకు కాస్త తక్కువ, రెండోది పన్నెండు అడుగులు. మేము నలుగురం: మేమిద్దరం, మా అమ్మాయి, ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు. ఐదుగురి పడవైతే అన్నం డబ్బాలకు కూడా చోటుంటుందని మా ఆవిడ వాదన.

ఆ అంకెల మీద నాకు నమ్మకం లేదు. గరాజు నేల మీద సుద్దముక్కతో రెండు పడవల కొలతలూ గీశాను. చుట్టూ ఉండే గాలి గొట్టాల మందం తీసేస్తే లోపల మిగిలే చోటు చూసి ఇద్దరం నోరెళ్లబెట్టాం. తెడ్లు వేసేవాడి కాళ్లకే బోలెడు జాగా కావాలి. రెండు పడవలూ వెయ్యి పౌండ్లకు పైగా మోస్తాయన్నారు. బరువు మోయడం వేరు, మోకాళ్లు చాపుకోవడం వేరు.

ఎక్స్‌కర్షన్ వెడల్పు అయిదున్నర అడుగులు. అంత వెడల్పున్న తేలిక పడవను టెక్సస్ గాలికి ఎదురుగా తెడ్లతో నడపాలంటే భుజాలు పడిపోతాయి. చిన్న బ్యాటరీ మోటారు తగిలించుకోవచ్చు కానీ, టెక్సస్‌లో మోటారున్న ఏ పడవకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ తతంగం మాకు వద్దనిపించింది.

అసలు తీర్పు అత్తయ్యగారిది. ఆవిడ పుట్టిల్లు ముక్తేశ్వరం వైపు. చిన్నప్పుడు గోదావరి దాటి కోటిపల్లి రేవుకు నావలో వచ్చిన మనిషి. ఫోనులో ఎక్స్‌కర్షన్ అడుగుభాగం చూపించి, "ఇదీ గాలితో ఉబ్బేదే అత్తయ్యగారూ" అన్నాను.

"పరుపు మీద నిలబడి పడవెక్కమంటావా బాబూ? అడుగున బల్ల ఉండొద్దూ?" అన్నారు.

మెరీనర్‌లో నేల మీద పలకలు పరుస్తారు. మోకాళ్ల నొప్పులున్నవారు కాలు మోపితే కుంగదు. అదే కొన్నాం. నలుగురం ఒకేసారి ఎక్కడం అరుదు. ఒకరు ఒడ్డున సామాను దగ్గర ఉంటారు.

ఇక్కడి చట్టం ప్రకారం, పడవ నీటి మీద కదులుతున్నంతసేపూ పదమూడేళ్లలోపు పిల్లల ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. పెద్దలకు మనిషికొకటి చేతికందేలా ఉంటే చాలు, అయినా మేమంతా వేసుకుంటాం. చీర మీద ఆ జాకెట్ బిగించడం మాత్రం ఒక విద్య. ఎండలో లోపలి గాలి వ్యాకోచిస్తుంది కనుక మధ్యాహ్నం పడవను ఒడ్డున వదిలేటప్పుడు కాస్త గాలి తీస్తాను.

పలకలతో తిప్పలు ఇంటికి బయలుదేరేటప్పుడు మొదలవుతాయి. పడవల్లో మిగిలిన నీటితో ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకే చిన్న చారల జీవులు, జీబ్రా ఆల్చిప్పలు, టెక్సస్‌లో మొదట 2009లో టెక్సోమా సరస్సులో బయటపడ్డాయి, తర్వాత రే రాబర్ట్స్‌కూ వచ్చాయి. అందుకే పడవలో చుక్క నీరు మిగలకుండా వంచేసి తీసుకెళ్లాలి. పలకల కింద చేరిన ఇసుక, తడి ఒక పట్టాన వదలవు. అన్నీ ఊడదీసి, కడిగి, గరాజులో ఫ్యాను పెట్టి ఆరబెడతాం. మళ్లీ పెట్టెలో సర్దే ప్రయత్నం మానేశాం. కర్మాగారంలో దాన్ని అందులో ఎలా ఇరికించారో వాళ్లకే తెలియాలి.