ఏరువాక పున్నమికి ఆదోని పక్క పల్లెలో

సేద్యం మొదలుపెట్టే పండుగ ఏరువాక పున్నమికి ముందురోజు ఆదోనిలో చూడాల్సింది బజారు. పత్తి మార్కెట్‌కు పేరుపడ్డ ఊరే అయినా జూన్ నెలలో పత్తి రాదు కాబట్టి ఆ సందడంతా తాళ్లు, గంటలు, రంగులు అమ్మేవాళ్ల దగ్గరికి చేరుతుంది. తోపుడు బళ్ల మీద మువ్వల పట్టెడలు, గవ్వలు కుట్టిన నుదుటి పట్టీలు, ఎర్రటి ఉన్ని కుచ్చులు, కొమ్ముల చివర తొడిగే ఇత్తడి కుప్పెలు రాశులు పోసి ఉన్నాయి. ఒక పెద్దాయన ముకుతాళ్లు ఒక్కొక్కటే తీసి, అరచేతిలోంచి లాగి చూసి, పక్కన పెడుతున్నాడు. నైలాను తాడు చవకే కానీ ముక్కు కోస్తుందట. నూలుది కావాలి, అదీ పేట వదులుగా ఉండకూడదు. దుకాణదారు విసుక్కోలేదు. “గంటసేపు చూస్తాడు, రెండే కొంటాడు. ఏటా ఇంతే” అన్నాడు నాతో.

పక్క దుకాణంలో కొమ్ములకు పూసే రంగుల డబ్బాలు. ఏ రంగు ఎక్కువ పోతోందని అడిగితే, నీలం, ఎరుపు ఎప్పుడూ ఉన్నవేననీ, ఈ మధ్య కుర్రాళ్లు తమ పార్టీ రంగులు అడుగుతున్నారనీ చెప్పాడు. ఎద్దుకు ఏ పార్టీ ఇష్టమో ఎవరూ కనుక్కున్నట్టు లేదు.

మాది మిర్యాలగూడ వైపు. సాగర్ ఎడమ కాలువ కింద వరి తప్ప మరో మాట వినపడని నేల. దమ్ము ట్రాక్టరుకు, కోత హార్వెస్టరుకు అప్పగించాక మా ఊళ్లో కాడి మోసే ఎద్దు లేకుండా పోయింది. ఈ లెక్క మా ఊరిది మాత్రమే కాదు. పశుగణన ప్రకారం 2012లో దేశంలో గోజాతి మగ పశువులు సుమారు 6 కోట్ల 79 లక్షలుంటే, 2019 నాటికి 4 కోట్ల 74 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో దాదాపు ముప్పై శాతం తగ్గాయి. మిగిలినవి ఎక్కడున్నాయి, ఎందుకున్నాయి అన్నదే నన్ను ఇటు లాక్కొచ్చింది. హైదరాబాద్‌లో నాతో పనిచేసే మిత్రుడి మేనమామ ఊరు ఆదోనికి పడమర, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. మిత్రుడికి సెలవు దొరకలేదు. “మా మామ ఉన్నాడు, నువ్వు వెళ్లు” అని ఫోన్ చేసి చెప్పాడు. ఆ మామ నన్ను చూసిన మొదటి నిమిషం నుంచీ “అల్లుడూ” అనే పిలిచాడు. నేనూ మామా అనేశాను.

కర్నూలు నుంచి కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా వచ్చే దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎండ తప్ప. ఒక్కటి మాత్రం గమనించాను. మే నెలలో ట్రాక్టర్లు పెట్టిన దుక్కులు దారి పొడవునా పెద్ద పెద్ద పెళ్లలతో ఎండుతున్నాయి. అంటే సేద్యం మొదలుపెట్టే పండుగ రాకముందే దుక్కి అయిపోయింది. మరి ఎడ్లకు మిగిలిందేమిటి?

జవాబు మర్నాడు పొద్దున బోరు మోటారు దగ్గర దొరికింది. తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు కాబట్టి ఊరి ఎడ్లన్నీ బోర్ల దగ్గరే స్నానాలు చేస్తున్నాయి. మామ జతలో దాపటిది, అంటే ఎడమ పక్కది, పాలలాంటి తెలుపు, వలపటిది, కుడి పక్కది, మెడ దగ్గర నలుపు తిరిగిన బూడిద రంగు. స్నానానికి తోలుకొచ్చినప్పుడు కూడా తెల్లది ఎడమకే నడిచింది. చిన్నప్పుడు ఏ పక్క కడితే బతుకంతా ఆ పక్కే. పొరపాటున మార్చి కడితే సాలు సరిగా పోదట. మామ కొబ్బరి పీచుతో రుద్దుతూ మెడ మీద చేత్తో తడిమి చూశాడు. కాడి ఒరుసుకున్న చోట పుండు ఉందేమోనని. పండుగ ముస్తాబు అనుకుని చూస్తున్నాను గానీ అది నిజానికి సీజను ముందు వైద్య పరీక్ష. గిట్టలు, నాలాలు, కళ్లు, తోక కింద, అన్నీ చూస్తున్నారు.

“దుక్కి ట్రాక్టరు దున్నుతుంది, దాన్ని ఎవరు కాదంటారు? ఈ నల్లరేగడి ఎండాకాలంలో లోతుగా దున్నాలంటే ఎడ్ల చేత కాదు” అన్నాడు మామ. “విత్తనం పడ్డాక చూడు. పత్తి మోకాలెత్తు వచ్చాక సాళ్ల మధ్య ట్రాక్టరు పోగలదా? వాన పడ్డ రెండో రోజు నేల మెత్తగా ఉన్నప్పుడు అంత బరువు దింపితే గట్టిపడదా? గుంటక, దంతె, విత్తనపు గొర్రు, ఈ మూడూ ఎద్దువే.” గుంటక, దంతె సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్లు, గొర్రు విత్తనం వేసేది.

సగం సరదాగా, సగం నిలదీస్తున్నట్టు ఇదే మాట తర్వాత రచ్చకట్ట దగ్గర మరో నలుగురు చెప్పారు. చిన్న ట్రాక్టర్లు, కలుపు మందులు వచ్చాయి కదా అని నేను అడ్డం వేస్తే, మందు కొట్టిన చేలో కంది అంతరపంటగా నిలబడదని ఒకరు, డీజిల్ లెక్క చెప్పి మరొకరు బదులిచ్చారు. ఎడ్లు గుంటకతో రోజుకు మూడు నాలుగెకరాలు తోలతాయి. రెండు మూడెకరాల మెట్ట రైతుకు అంతకన్నా వేగం అక్కర్లేదు.

అక్కడే విత్తనం వేయడంలో ఊళ్లో పేరున్న ఒక ఆవిడ కూర్చుని ఉంది. గొర్రు మీద నిలబెట్టిన కొయ్య గిన్నెను జడ్డిగం అంటారు. దాని అడుగున మూడు రంధ్రాలు, వాటికి మూడు వెదురు గొట్టాలు, కింద మూడు సాళ్లు. వెనక నడిచే మనిషి గుప్పిట్లోంచి గింజలు వదులుతూ ఉండాలి. చెయ్యి బిగిస్తే సాలు ఖాళీ, వదులైతే విత్తనం దండగ. “ఎద్దు నడకను బట్టే చెయ్యి ఆడాలి. ఎద్దు తొందరపడితే నేనూ తొందరపడతాను. ఎద్దు ఆగితే గుప్పిలి మూసేస్తాను” అంది. ట్రాక్టరు గొర్రు వెనక వేయగలరా అక్కా అని అడిగితే, దానికి పెట్టెలోంచి గింజలు అవే పడతాయి, నాతో పనేముంది అని నవ్వింది. ఎడ్లు పోతే మగవాళ్ల పనే పోతుందని లెక్క కట్టేవాళ్లు ఈవిడ కూలిని ఏ పద్దులో రాస్తారో.

గుంటకలన్నీ ఊరి కమ్మరి చేసినవే. పాత లారీ కమాను పట్టీలు కొట్టి అలుగు చేస్తాడు. అది చూస్తుంటే పటాన్‌చెరు గుర్తొచ్చింది. అక్కడి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1970లలో, 80లలో ఇలాంటి నల్లరేగడి కోసమే ఎడ్లు లాగే చక్రాల పనిముట్టు బండి మీద బాగా కృషి చేశారు. తోలేవాడు దర్జాగా కూర్చోవచ్చు, ఒకే చట్రానికి నాగలి, గొర్రు, గుంటక మార్చి మార్చి బిగించవచ్చు. పరిశోధనా క్షేత్రంలో చక్కగా పనిచేసింది. పల్లెల్లో మాత్రం నిలవలేదు. మామూలు పనిముట్లతో పోలిస్తే ధర చాలా ఎక్కువ, బరువు ఎక్కువ, విరిగితే ఊళ్లో అతకడం కష్టం. ఈ కమ్మరి గుంటకకు ఆ బాధ లేదు. విరిగితే సాయంత్రానికి మళ్లీ తయారు. ఎడ్ల సేద్యాన్ని బాగుచేయాలని బయల్దేరేవాళ్లు ముందు ఇలాంటి కొలిమి దగ్గర ఒక పూట కూర్చోవాలని నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం దాకా రచ్చకట్ట దగ్గర జరిగిన మాటలే నా దృష్టిలో అసలు ఏరువాక. ఒక ఎద్దు చనిపోయి ఒంటెద్దు మిగిలిన ఇద్దరు రైతులు ఈ సీజనుకు పొత్తు కలిశారు, ఒకరి చేను ఒకరోజు, ఇంకొకరిది మరుసటి రోజు. కొత్తగా కొన్న కోడెల వయసు తేల్చడానికి నోళ్లు తెరిచి పళ్లు చూశారు. నాలుగు పళ్లవని అమ్మినవాడు చెప్పాడట, చూస్తే ఆరు. కొన్న కుర్రాడి ముఖం వాడిపోయింది. ఎమ్మిగనూరులో జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు జరిగే పశువుల సంతలో కొన్నవి అవి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చే దళారుల మధ్య కొత్తవాడు నెగ్గుకు రావడం కష్టమని పెద్దలు ఓదార్చారు, ఆరు పళ్లయినా పనికి మంచి వయసేనన్నారు. ఎకరం విత్తనానికి బాడుగ రెండు వందలు పెంచాలా వద్దా అన్న దాని మీద మాత్రం గొంతులు లేచాయి. తేలలేదు. భోజనాలకు లేచారు.

ఆ ఊళ్లో ఆ రోజు కాడి ఎత్తరు. ఎడ్లకు వెదురు గొట్టంతో నువ్వుల నూనె, పసుపు, గుడ్లు కలిపి పట్టారు, తర్వాత భక్ష్యాలు పెట్టారు. గొట్టం పట్టేటప్పుడు తెల్లది మూతి అటూ ఇటూ తిప్పింది. భక్ష్యానికి ఆ బెట్టు లేదు. నాకూ అవే భక్ష్యాలు, నెయ్యితో.

సాయంత్రం పరుగు. ఊరి వాకిట్లో రెండు గుంజలకు గోగునార, వేపాకు కలిపి పేనిన తోరణం అడ్డంగా కట్టారు. డప్పులు మొదలయ్యాక జనం రెండు వరుసలయ్యారు. మైకుకు కరెంటు పక్కనే ఉన్న ట్రాక్టరు బ్యాటరీ నుంచి వస్తోంది, ఆ ట్రాక్టరుకూ మామిడాకులు కట్టి పసుపు పూశారు. ఎడ్లు వచ్చిన వేగానికి దుమ్ములో కొమ్ముల రంగులే కనిపించాయి. ఈ భాగం నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. బెదిరిన ఒక కోడె గోడ వైపు తిరిగి జారిపడింది, లేచి వణుకుతూ నిలబడింది. చెర్నాకోల దెబ్బ తోరణానికే పడాలి గానీ ఒకటి రెండు వీపుల మీదా పడ్డాయి. మామ తన జతను పరుగుకు వదల్లేదు, పక్కన పట్టుకుని నిలబడ్డాడు. “రేపు వాన పడితే గొర్రు కట్టాలి. కాలు బెణికితే పండుగ వాళ్లది, నష్టం నాది.”

తోరణం తెగగానే నార కోసం అందరూ ఎగబడ్డారు. దాన్ని ఎడ్ల మెడలో, నాగలికి కడితే మంచిదని నమ్మకం. మొదట దాటింది ఎర్ర ఎద్దు. ఎర్రది గెలిస్తే ముంగారు (తొలకరి వానల) పంటలు పండుతాయని ఒక తాత, కాదు, తెల్లది గెలిస్తేనే ముంగారని ఇంకొక తాత. సరిహద్దు అవతల కన్నడిగుల ఏరువాక పండుగ కారుణ్ణిమకూ ఇలాంటి శకునమే చూస్తారు కాబట్టి సాక్ష్యానికి అటునుంచి వచ్చిన బంధువును లాగారు. ఆయన కన్నడంలో చెప్పింది ఇద్దరూ తమకు అనుకూలంగానే తీసుకున్నారు.

రాత్రి మామ ఇంటి ముందు మంచాల మీద మాటలు మేత దగ్గరికి వచ్చి ఆగాయి. ఎడ్లను తరిమేస్తున్నది ట్రాక్టరేనని నేను అనుకుంటూ వచ్చాను. మామ లెక్క వేరు. పూర్వం జొన్న వేసేవారు, గింజ ఇంటికి, చొప్ప ఎద్దుకు. ఇప్పుడు ఎటు చూసినా పత్తి. పత్తి కట్టె పొయ్యిలోకి తప్ప పశువుకు పనికిరాదు. పత్తి చేలో సాళ్లు తోలడానికి ఎద్దు కావాలి, ఆ పత్తే ఎద్దు తిండిని ఊళ్లో లేకుండా చేసింది. సిరుగుప్ప వైపు నుంచి వరిగడ్డి లారీల్లో కొంటున్నారు. ఎండాకాలంలో ధర చెప్పలేమట. మంచి జత లక్షకు తక్కువ దొరకదు, దొరికినా ఏడాది పొడవునా మేపాలి, పనేమో నాలుగైదు నెలలు. జీతగాడు దొరకడు. కొడుకు మాత్రం ఎంతకాలం కసువు ఊడుస్తాడు?

“మీ వైపు గడ్డి ఏం చేస్తారు అల్లుడూ?” అని అడిగాడు.

హార్వెస్టరుతో కోశాక చాలామంది మళ్లలోనే కాల్చేస్తారని చెప్పాను.

“కాలుస్తారా?” అన్నాడు. మళ్లీ ఒకసారి అన్నాడు. వెంటనే కొడుకును పిలిచి లారీ కిరాయి లెక్క మొదలుపెట్టాడు. ఇక్కడి నుంచి ఉల్లిగడ్డలు వేసుకుని హైదరాబాద్ మలక్‌పేటకు వెళ్లే లారీలు ఖాళీగా తిరిగొస్తాయి కదా, కాస్త పక్కకు తిప్పితే? విడి గడ్డి అయితే లోడు తూగదు, యంత్రంతో కట్టలు కట్టించాలి, ఆ ఖర్చెంత? కొడుకు ఫోనులో అంకెలు నొక్కుతున్నాడు. నేను మా బాబాయికి ఫోన్ చేశాను. యాసంగి గడ్డి మే నెలలోనే తగలబెట్టేశారనీ, కార్తీకంలో కోతలప్పుడు అడగమనీ చెప్పాడు. మామ నా నంబరు తీసుకుని ఫోనులో ‘గడ్డి అల్లుడు’ అని రాయించుకున్నాడు.