అయ్య మొక్కిన పడవ

రైల్లో అందరి సామానూ బెర్తు కిందకి తోశాం. అయ్య మాత్రం తువ్వాలు మూటని ఒళ్లోంచి దించలేదు. తమిళనాడులోని వేళాంగణి మాత గుడికని ఆమదాలవలసలో హౌరా–చెన్నై మెయిల్ ఎక్కినప్పటి నుంచి దాని మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు. అందులో జానెడు పొడవు చెక్క పడవ ఉంది. మా తాత తెప్ప విప్పేశాక మిగిలిన దుంగలోంచి అయ్యే చెక్కాడు. ముక్కు పైకి లేచి, వెనక కేబిన్‌తో, అచ్చం చెన్నై కాశిమేడు రేవులోని మర బోటులా ఉంటుంది.

మాది కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న చిన్న పేట. మా శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, మర బోట్లు కట్టుకునే రేవు లేక మా మగవాళ్లు చెన్నైకో, గుజరాత్‌లోని వెరావల్‌కో, ఒడిశాలోని పారాదీప్‌కో పోతారు. అయ్య ఇరవై ఏళ్లకు పైగా చెన్నై కాశిమేడులో బోటు మీద కలాసీగా పనిచేశాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులే ఇంటి దగ్గర ఉండేవాడు. మా బడి సెలవులూ అప్పుడే. చిన్నప్పుడు నాకు అయ్య అంటే ఎండాకాలమే.

ఆ మొక్కు సంగతి అయ్య మాకు చాలా ఆలస్యంగా చెప్పాడు. ఒకసారి తుపాను గాలిలో బోటు ఇంజను ఆగిపోయింది. ఒక రాత్రి, ఒక పగలు అలల మీద కొట్టుకుపోయారు. బోటు నడిపే సరంగు తమిళ క్యాథలిక్. కేబిన్‌లో వేళాంగణి ఆరోగ్యమాత పటం ఉండేదట. ఆయన జపమాల పట్టుకుని కూర్చుంటే కలాసీలంతా ఆయన చుట్టూ చేరారు. "నాకు గంగమ్మ తప్ప మరో పేరు నోట రాదు. ఆళ్లు 'మాదావే' (తల్లీ) అన్నారు, నేనూ 'మాదావే' అన్నాను. బతికి ఒడ్డెక్కితే పడవ ఇచ్చుకుంటానని మొక్కీసినాను" అన్నాడు. మర్నాడు సాయంత్రం వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చింది.

ఆ తర్వాత వెండి పడవ కొనడానికి ఏ ఏడాదీ డబ్బు మిగల్లేదు. ఒక ఏడు అప్ప పెళ్లి, ఇంకో ఏడు నా చదువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఇంటి కప్పు ఎత్తుకుపోయింది. వేట మానేసి ఇంటికొచ్చాక కూడా ఆయన మనసులో అది మెదులుతూనే ఉంది. వెండిదే అయ్యుండాలని ఎవరన్నారు అని అడిగాను. మాట్లాడలేదు. వారం తర్వాత చూస్తే పెరట్లో దుంగ ముందు ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

గంగమ్మని కొలిచేవాళ్లు మరియమ్మ దగ్గరికి పోవడమేమిటని పేటలో ఒకరిద్దరు అన్నారు. "ఇద్దరమ్మలూ సముద్రం ఒడ్డునే కదా ఉన్నారు" అంది అమ్మ. గంగమ్మకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే బయల్దేరాం.

మర్నాడు చెన్నైలో బస్సు ఎక్కాం. పాండిచ్చేరి, చిదంబరం, కారైకాల్ మీదుగా నాగపట్నం, అక్కడి నుంచి వేళాంగణి. దారి పొడవునా కాషాయం కట్టినవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. కొందరు మాత బొమ్మ పెట్టిన చిన్న బండిని తోసుకుపోతున్నారు. "అయ్యప్ప మాల ఏసినోళ్లలాగే ఉన్నార్రా" అంటూ అయ్య కిటికీ వదల్లేదు.

సెప్టెంబరు 6 చీకటి పడ్డాక వేళాంగణిలో దిగాం. ముందే డబ్బు కట్టించుకున్న లాడ్జివాళ్లు మా గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. మా అబ్బాయి నిద్రమొహంతో ఏడుపు, అమ్మకి మోకాళ్ల నొప్పి, నాకు టెన్షన్. అయ్య మాత్రం నేరుగా ఇసుక మీదకి నడిచి టార్పాలిన్ పరిచాడు. వందల కుటుంబాలు అక్కడే పడుకుని ఉన్నాయి. అలల చప్పుడు వింటూ అయ్య ఇట్టే నిద్రపోయాడు.

ఉత్సవం ఆగస్టు 29న జెండా ఎక్కించడంతో మొదలై సెప్టెంబరు 8న ముగుస్తుంది. కొట్లలో కొవ్వొత్తులు, కొబ్బరి మొక్కలు, రేకుతో చేసిన కళ్లు, కాళ్లు, ఇళ్లు, పడవలు అమ్ముతున్నారు. ఎవరికి ఏ బాధ తీరితే ఆ బొమ్మ కొని ఇచ్చుకుంటారు. ఇసుక దారిలో జనం మోకాళ్ల మీద గుడి వైపు పోతున్నారు. ఒక పెద్దావిడ వెనకే ఆమె మనవరాలు నీళ్ల సీసా పట్టుకుని నడుస్తోంది. ఆవిడ మోకాళ్లు చూసి అమ్మ కళ్లు తుడుచుకుంది.

తెల్లటి గోపురాల కింద, లోపల మాత చీర కట్టుకుని ఉంది. అమ్మకి అది చాలా నచ్చింది. 1962లో పోపు 23వ జాన్ ఈ గుడికి బసిలికా హోదా, అంటే క్యాథలిక్ చర్చిల్లో ప్రత్యేక గౌరవం, ఇచ్చారు. గుడి కట్టిన కథని నేను అయ్యకి వివరంగా చెప్పాను. 17వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు తుపానులో చిక్కుకుని మాతకి మొక్కుకున్నారనీ, ఇక్కడ ఒడ్డెక్కిన రోజు సెప్టెంబరు 8, మరియమ్మ పుట్టినరోజు అనీ, అప్పుడు గుడిసెలా ఉన్న చోట గుడి కట్టించారనీ చెబుతారు. తర్వాత ప్రయాణాల్లో చైనా పింగాణీ పళ్లేలు కూడా తెచ్చి ఇచ్చారట. ఆ పళ్లేలు ఇప్పటికీ బలిపీఠం దగ్గర ఉన్నాయి.

అయ్య అంతా విని ఒకటే అడిగాడు. "ఆళ్లూ ఒక్కసారిగా తీర్చలేదన్నమాట?"

"లేదయ్యా. వచ్చినప్పుడల్లా ఇంత తెచ్చారు."

ఆ మాట తర్వాత ఆయన మొహం తేలికపడింది. ఇన్నేళ్ల ఆలస్యం ఆయన్ని ఎంత తినేసిందో నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం సునామీ స్మారకం దగ్గర ఆగాం. 2004 డిసెంబరు 26న ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా పోయారు. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ఈ ఒడ్డు భక్తులతో నిండి ఉంది. అయ్య తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి నిలబడ్డాడు. సముద్రం మీద అలిగితే మనకి బువ్వ లేదు అని మా పేటలో అంటారు. ఆయన ఆ మాట కూడా అనలేదు.

7వ తేదీ రాత్రి పెద్ద తేరు. చిన్న తేర్లు ముందు వెళ్లాక మాత తేరు కదిలింది. "మరియే వాళ్గ" (మరియమ్మ వర్ధిల్లాలి) అని లక్షల గొంతులు ఒక్కసారి లేచాయి. నాగపట్నం వైపు మత్స్యకారులు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. అయ్యా మా అబ్బాయిని ఎత్తుకున్నాడు. ఆ భుజాల మీద ఇప్పుడు బరువు మోయకూడదని డాక్టరు చెప్పాడు. నేను ఆపలేకపోయాను.

8వ తేదీ పొద్దున తెలుగు పూజలో కూర్చున్నాం. తర్వాత కానుకలిచ్చే చోట వరసలో నిలబడ్డాం. అయ్య తువ్వాలు విప్పి పడవ తీసి, అక్కడున్న కుర్రాడితో కాశిమేడు తమిళంలో "రొంబ లేటాయిడుచ్చు తంబీ" (చాలా ఆలస్యమైపోయింది తమ్ముడూ) అన్నాడు. ఆ కుర్రాడు పడవని తిప్పి చూసి, కేబిన్ మీద వేలు పెట్టి నవ్వాడు. బల్ల మీదున్న రేకు పడవల మధ్య పెట్టాడు. మాది ఒక్కటే చెక్కది. వెనక జనం తోస్తున్నా అయ్య రెండు మూడు క్షణాలు అక్కడే నిలబడి చూశాడు.

ఇంటికొచ్చిన రెండో రోజు పెరట్లో మళ్లీ ఉలి చప్పుడు వినిపించింది. మా అబ్బాయి దుంగ పక్కనే గొంతుకూర్చుని చూస్తున్నాడు.

"ఇది ఏ అమ్మకి తాతా?"

"ఇది నీకేరా. అయిపోగానే ఏట్లో ఏసి చూద్దాం."