ఆష్విట్జ్‌లో రొట్టె, గిన్నె, చెప్పులు

పోలండ్‌లోని క్రాకోవ్ నుంచి బస్సులో గంటన్నర ప్రయాణిస్తే ఓష్వియెంచిమ్ పట్టణం వస్తుంది. జర్మన్లు ఆ ఊరిని పిలిచిన పేరే ఆష్విట్జ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు అక్కడ నడిపిన నిర్బంధ శిబిరంలో సుమారు 11 లక్షల మందిని చంపారనీ, వారిలో దాదాపు 10 లక్షల మంది యూదులనీ చదివే వెళ్లాను. నేను ముఖ్యంగా తెలుసుకోవాలనుకున్నది మాత్రం, రైలు దిగగానే గ్యాస్ ఛాంబర్లకు పంపకుండా చాకిరీ కోసం మిగిల్చిన సుమారు 4 లక్షల మంది ఖైదీలు ఒక్కో రోజునూ ఎలా గడిపారన్నది.

వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకే గంట మోగేది. ఉదయం కాఫీ పేరుతో అర లీటరు నల్లటి నీళ్లు, మధ్యాహ్నం పలుచటి కూరముక్కల సూపు, రాత్రికి సుమారు 300 గ్రాముల నల్ల రొట్టె, దానితో కాస్త మార్జరీనో సాసేజీయో ఇచ్చేవారు. ఆ రొట్టెలోనే కొంత మర్నాటి పొద్దుటికి దాచుకోవాలి. దాచుకుంటే రాత్రి ఎవరైనా కాజేస్తారేమోనని భయం, అప్పుడే తినేస్తే పదకొండు గంటలకు పైబడిన పనికి ఖాళీ కడుపుతో వెళ్లాలి. అందుకే తోడు దొరికినవారు ఒకరి రొట్టెకు ఒకరు కాపలా కాస్తూ కంటికి రెప్పలా చూసుకునేవారు. ఒంటరివాళ్లు త్వరగా కుంగిపోయేవారని మా గైడు చెప్పినప్పుడు, ప్రాణం నిలవడానికి తిండితో పాటు పక్కన ఒక మనిషి కూడా ఎంత అవసరమో నాకు బాగా అర్థమైంది.

ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ శిబిరంలోని ఐదో బ్లాకులో అద్దం వెనక 12 వేలకు పైగా వంటపాత్రలు గుట్టగా పోసి ఉన్నాయి. ఎక్కడికో స్థిరపడడానికి పంపిస్తున్నారని నమ్మి, ఎనామిల్ గిన్నెలూ కెటిళ్లూ ఇంటి నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నవారివి అవి. వాటిని దిగిన చోటే లాక్కున్నారు. లోపల మాత్రం గిన్నె లేనివారికి సూపు దొరికేది కాదు కాబట్టి, ఉన్న ఒక్క గిన్నెనూ నడుముకు కట్టుకుని తిరిగేవారు. ఆ గుట్ట ముందు నుంచి కదలడానికి నాకు మనసు రాలేదు.

మూడు కిలోమీటర్ల దూరంలో ఆ శిబిరానికే మరో భాగమైన బిర్కెనావ్‌లో, మహిళలుండిన ఇటుక బ్యారక్‌లోకి వెళ్లాం. మూడు అంతస్తుల అరల్లో ఒక్కో అరకు కనీసం నలుగురు, కింద గడ్డి, నేల చిత్తడి. మరుగుదొడ్ల బ్యారక్‌లో కాంక్రీటు దిమ్మె మీద వరుసగా రంధ్రాలే తప్ప మరుగన్నది లేదు. అక్కడి దుర్వాసనకు కాపలావాళ్లు దూరంగా ఉండేవారు కాబట్టి, ఖైదీలు కబుర్లు తెలుసుకునేదీ, వస్తువులు మార్చుకునేదీ అక్కడే.

1945 జనవరిలో సోవియట్ సైన్యం దగ్గరపడుతుండగా నాజీలు సుమారు 56 వేల మంది ఖైదీలను మంచులో నడిపించుకుపోయారు. చెక్క చెప్పులతో ఆ నడక సాగలేదు. వెనకబడినవారిని దారిలోనే కాల్చివేశారు.

జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చి విడిపించేసరికి శిబిరాల్లో మిగిలిన సుమారు 7 వేల మందిలో ఎక్కువమంది రోగులే. ఎండిపోయిన పేగులు మామూలు తిండిని తట్టుకోలేవు కాబట్టి, వైద్యులు మొదట బంగాళాదుంప సూపును మందులా చెంచాలతో తాగించారు. రేపు మళ్లీ తిండి పెడతారన్న నమ్మకం కుదరక రోగులు పరుపుల కింద దాచిన రొట్టెముక్కలు వారాల తరబడి నర్సులకు కనిపిస్తూనే ఉన్నాయట. కోలుకున్నవారిలో చాలామంది మూడు నాలుగు నెలల్లో ఆస్పత్రి విడిచి, తమవాళ్లు ఎవరైనా మిగిలారేమోనని వెతుక్కుంటూ వెళ్లారు.