మా మిద్దె మీది మందారానికి బంక పట్టినప్పుడు

శివరాత్రి వెళ్ళిన వారానికి అనుకుంటా, పొద్దున పూజకు పూలు కోస్తుంటే వేళ్ళకు బెల్లం పాకం తగిలినట్టు బంకబంకగా అయ్యింది. చూస్తే ముద్ద మందారం ఆకులన్నీ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తొట్టి కింద గచ్చు మీద కూడా సన్నటి చుక్కలు. చెప్పు పెడితే అతుక్కుంటోంది. తిరుపతి కొర్లగుంటలో ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ కొమ్మ నాటి పెంచిన చెట్టు అది. అత్తమ్మ ఇప్పుడు లేదు. అందుకే నాకు అంత టెన్షన్.

మొదట తడిగుడ్డతో ఆకులన్నీ తుడిచాను. రెండు రోజులకు మళ్ళీ అదే జిగురు. ఇంకో వారానికి దాని మీద దీపం మసి పట్టినట్టు నల్లగా పేరుకుంది. ఒక ఆకు తుంచుకుని పురుగుమందుల అంగడికి తీసుకెళ్ళాను. బూజు తెగులమ్మా అని ఏదో పొడి ఇచ్చారు. రెండుసార్లు కొట్టాను. నలుపు పోలేదు, జిగురు ఎక్కువైంది, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి.

మా పిన్ని కూతురు ఇక్కడే ఎస్వీ వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. వీడియో కాల్ చేసి ఆకు చూపించాను. "అక్కా, ఆ ఆకును వదిలేయ్. దానికి పై కొమ్మల్లో ఏముందో చూడు. చీమలు ఎక్కడికి పోతున్నాయో చూడు" అంది.

చీమలు! రోజూ చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. కాండం పట్టుకుని బారులు తీరి చిగురు దాకా పోతున్నాయి. కొమ్మ వంచి, ముడుచుకుపోయిన చిగురును విప్పి చూశాను. లోపల బియ్యపు పిండి చల్లినట్టు తెల్లటి ముద్దలు. ఆకు తొడిమల సందుల్లో, మొగ్గ కింద, ఈనెల వెంబడి అంతా అదే. వేలితో నలిపితే ఎర్రటి రసం వచ్చింది. పిండినల్లి అనే పురుగు.

ఆ జిగురు చెట్టు నుంచి ఊరేది కాదట. పిండినల్లి చెట్టు రసం పీల్చి, అందులో తనకు ఎక్కువైన తీపిని బయటికి వదిలేస్తుంది. అది కింది ఆకుల మీద పడుతుంది. ఆ తీపి మీద మసి బూజు పెరుగుతుంది. చీమలు ఆ తీపి కోసమే వచ్చి, పిండినల్లిని తినే పురుగులను దగ్గరికి రానివ్వవు. పేనుబంక, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగులు పట్టినా ఇలాగే జిగురు కారుతుందని చెప్పింది. నేను అంగడికి తీసుకెళ్ళింది కింది ఆకు. జబ్బేమో పైన చిగురులో ఉంది.

"ఈ మధ్య యూరియా వేశావా?" అని కూడా అడిగింది. సంక్రాంతికి ఎక్కువ పూలు పూస్తాయని వేసిన మాట నిజమే. యూరియాలోని నత్రజని ఎక్కువైతే లేత చిగురు గుబురుగా వస్తుంది, రసం పీల్చే పురుగులకు కావలసింది అదే.

ముడుచుకుపోయిన చిగుళ్ళు కత్తిరించి కవర్‌లో మూట కట్టి పారేశాను. మిగిలిన కొమ్మలకు పైపుతో ఆకుల అడుగు నుంచి గట్టిగా నీళ్ళు కొట్టాను. ఈ పూలు అమ్మవారికి పెడతాం, ఆకులు నూరి తలకు పట్టించుకుంటాం. అందుకని ఘాటు మందులు వద్దనుకున్నాను. కుంకుడు రసంలో 5 మిల్లీలీటర్ల వేపనూనె వేసి బాగా గిలకొట్టి, ఆ తర్వాతే లీటరు నీళ్ళలో కలిపాను. నూనెను నేరుగా నీళ్ళలో పోస్తే పైన తేలిపోతుంది, కొట్టిన చోట ఆకు మాడుతుంది. ముందు రెండు ఆకుల మీద కొట్టి, ఒక రోజు ఆగి చూసి, మిగతా చెట్టుకు ఎండ దిగాక కొట్టాను. పిండినల్లి గుడ్లు దూదిలాంటి సంచిలో భద్రంగా ఉంటాయి కాబట్టి ఒక్కసారితో పోదు. వారానికోసారి నాలుగు వారాలు కొట్టాను.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మాత్రం చీమలను ఆపడమే అని నా నమ్మకం. మా అవ్వ బెల్లం డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టేది. అదే గుర్తొచ్చి తొట్టిని ఇనుప స్టాండు మీదికి ఎత్తించి, నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. మరుసటి రోజు చూస్తే చీమలు దండెం మీదుగా వస్తున్నాయి! ఒక కొమ్మ దండేనికి తగులుతోంది. ఆ కొమ్మ కత్తిరించాక గానీ బారు ఆగలేదు.

మూడో వారం ఒక కొమ్మ మీద పెద్ద పిండినల్లి లాంటిది కనబడింది. ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులు. గిల్లబోతే గబగబా పరుగెత్తింది. పిండినల్లి అంత వేగంగా కదలదే అని అనుమానం వచ్చి ఫొటో పంపాను. "దాన్ని ముట్టుకోవద్దక్కా!" అని వెంటనే ఫోన్ చేసింది. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించిన జాతి అట. ఆ కొమ్మకు వేపనూనె కొట్టడం మానేశాను. తర్వాత అలాంటివి ఇంకో ఐదు కనిపించాయి.

మే నెల మొదటి వారానికి జిగురు పోయింది. పాత ఆకుల మీది మసి ఎండిపోయి పొరలు పొరలుగా ఊడింది, కింద పచ్చదనం అలాగే ఉంది. నిన్న పొద్దున నాలుగు పూలు కోశాను. ఒక పూరేకు మీద నారింజ రంగు తల, నల్లటి ఒళ్ళుతో చిన్న పెంకు పురుగు కూర్చుని ఉంది. పెద్దదైన ఆ అక్షింతల పురుగే. ఆ పువ్వును చెట్టుకే ఉంచేశాను.