చల్లారితేనే బయటపడే జబ్బు

అనంతపురంలో చలి అంటే బయటివాళ్ళు నవ్వుతారు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరికి చలేంటని. డిసెంబరు తెల్లవారుజామున ఇక్కడ ఒక్కసారి ఇల్లు దాటి చూస్తే తెలుస్తుంది. మా 1997 మారుతి 800కి ఆ మాత్రం చలి చాలు. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. అందుకున్నాక, చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పిడిని కాస్త లోపలికి తోయగానే ఉసూరుమని ఆగిపోతుంది. ఎలాగో బతిమాలి రెండు సందులు దాటించామా, ఇక ఏ జబ్బూ లేని మనిషిలా పరిగెడుతుంది.

అసలు చిక్కు అక్కడే. షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ కాగి ఉంటుంది. మెకానిక్ రేజ్ చేసి చూసి "బాగానే ఉంది కదా మేడమ్" అంటాడు. ఒకరు ప్లగ్గులు మార్చారు. ఇంకొకరు స్లో (యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ తిరిగే వేగం) పెంచి పంపారు. స్లో పెంచితే ఆగదు నిజమే, సిగ్నల్ దగ్గర ఊరికే గోల పెడుతూ పెట్రోలు తాగుతుంది. నా దృష్టిలో అది రిపేరు కాదు, కప్పిపుచ్చడం.

ఈసారి పాతూరులోని మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను. "రాత్రంతా చల్లారనీండి. నేనొచ్చేదాకా సెల్ఫ్ ముట్టొద్దు" అన్నాడు. ఈ రోజు ఆదివారం, పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని ఇంటికే వచ్చాడు.

వచ్చీ రాగానే స్టార్ట్ చేయలేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి పక్కన పెట్టి, నన్ను చోక్ లాగమన్నాడు. చోక్ లాగితే, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ నోట్లోని రేకు పూర్తిగా మూసుకోవాలి. మాది మూసుకున్నట్టే కదిలి, ఓ పక్క చిటికెన వేలు దూరేంత సందు వదిలేసింది. చోక్ వైరు మీది గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులైంది. లోపలి వైరుతో పాటు గొట్టమూ జరుగుతోంది. నేను ఎంత లాగినా సగమే అక్కడికి చేరుతోంది.

చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, మానిఫోల్డ్ (ఆ మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి చేర్చే గొట్టం) గోడలకు తడిగా అంటుకుంటుంది. అందుకే చోక్ గాలికి అడ్డుపడి పెట్రోలు వాటా పెంచుతుంది. ఇంజెక్షన్ కార్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది, మాకు ఆ వైరే దిక్కు.

క్లిప్పు బిగించాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. నేను సంబరపడిపోయాను. భాయ్ మాత్రం "చోక్ తోయండి" అన్నాడు. తోశాను. గుడగుడమని ఆగిపోయింది. "స్టార్టింగ్ ప్రాబ్లం పోయింది. ఆగిపోయేది వేరే" అన్నాడు.

మళ్ళీ స్టార్ట్ చేయించి, చోక్ సగంలో ఉంచి, కార్బొరేటర్ కింద గాలి జొరబడకుండా వేసే ప్యాకింగ్ చుట్టూ క్లీనర్ స్ప్రే కొద్దికొద్దిగా చిమ్ముతూ పోయాడు. ముందు వైపు ఏ మార్పూ లేదు. వెనక మూలకు రాగానే, స్ప్రే ఇంధనంలా లోపలికి పోయి, తడబడుతున్న ఇంజిన్ చప్పుడు కుదురుకుంది, స్ప్రే ఆరగానే మళ్ళీ తడబాటు. "ఈడ గాలి లాగుతాంది సూడండి." పాత ప్యాకింగ్ గట్టిపడిపోయి, చల్లగా ఉన్నప్పుడు సందు ఇస్తోందట, వేడెక్కితే బిగుసుకుంటోందట. ఆ దొంగగాలి వల్ల మిశ్రమం పలచబడి బండి ఆగిపోతోంది. (ఆ స్ప్రేకి ఇట్టే మంట అంటుకుంటుంది. వేడి ఇంజిన్ మీద సొంతంగా ప్రయత్నించకండి.)

పక్కింటి రిటైర్డ్ మాస్టారు గోడ మీంచి చూస్తూ "అంతా ఇథనాల్ పెట్రోల్ మహిమేనమ్మా" అన్నారు. పూర్తిగా కొట్టిపారేయలేను. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి కావాలి, పాత రబ్బరు గొట్టాలకూ అది పడదు. కానీ క్లిప్పు జారితే ఇథనాల్ ఏం చేస్తుంది? ప్రతి రోగానికీ పెట్రోలు బంకును తిట్టుకుంటూ కూర్చుంటే బానెట్ ఎత్తే పనే ఉండదు.

భాయ్ ఉగ్గాని, బజ్జీ తిని, బజారుకెళ్ళి ప్యాకింగ్ తెచ్చి వేశాడు. పనిలో పనిగా పగుళ్ళిచ్చిన పెట్రోలు పైపు కూడా మార్చాడు. సామాన్ల డబ్బులే తీసుకున్నాడు. కూలీ ఇవ్వబోతే "రేపు పొద్దున చల్ల మీద స్టార్ట్ చేసి ఫోన్ చేయండి మేడమ్, అప్పుడు చూద్దాం" అంటూ బండెక్కాడు.