ఆల్కహాల్ తీసేశాక మొదలయ్యే పని

జర్మనీలో ద్రాక్ష రైతుల సహకార సంఘాన్ని 'వింట్సర్‌గెనోసెన్‌షాఫ్ట్' అంటారు. అలాంటి చోట ఆల్కహాల్ లేని వైన్ లైన్ మీద పనికి కుదిరేవాళ్లకి వైన్ పరిజ్ఞానం కన్నా పాల డెయిరీలో చేసిన అనుభవమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఆల్కహాల్ తీయడం యంత్రం చూసుకుంటుంది. తీసేశాక పాడవకుండా కాపాడడమే మనుషుల పని.

ముందు మామూలు వైనే తయారవుతుంది. అది పులిసి తేరుకున్నాక, లోపల ఒత్తిడి బాగా తగ్గించిన వాక్యూమ్ కాలమ్‌లోకి పోతుంది. మామూలు ఒత్తిడిలో 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాల్ అక్కడ 30–40 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి ఉడికిన వాసన పట్టదు. సువాసన ఇంకా ముందే ఎగిరిపోతుంది. గిర్రున తిరిగే శంకువులుండే 'స్పిన్నింగ్ కోన్' యంత్రం ఉన్నచోట దాన్ని మొదటి విడతలోనే విడిగా పట్టి, ఆఖర్న తిరిగి కలుపుతారు. సొంత యంత్రం లేని సంఘాలు ట్యాంకర్లో బయటి ప్లాంటుకి పంపి తెప్పించుకుంటాయి.

12 శాతం వైన్ 1,000 లీటర్లుంటే అందులో ఆల్కహాల్ 120 లీటర్లు. దాంతోపాటు కొంత నీరూ పోతుంది. 80 శాతం గాఢతతో బయటికొస్తే 150 లీటర్లు తగ్గి 850 మిగులుతాయి. లీటరుకు 7 గ్రాములున్న పులుపు 8 దాటుతుంది. నోట్లో నీళ్లలా పలచన, పైగా పులుపు. దాన్ని సర్దడానికి ద్రాక్షరసం లాంటి తీపి కలుపుతారు. ఇక పులియబెట్టే ఈస్ట్‌కి పండగే: తిండి ఉంది, ఆల్కహాల్ కాపలా లేదు. వైన్ పాడవకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ కూడా వాక్యూమ్‌లో పోతుంది, ట్యాంకు తిరిగి రాగానే కొలిచి సరిచేయాలి.

గొట్టం జాయింట్లో రబ్బరు వాషర్ ఉంటుంది. దాన్ని విప్పి వెనక వేలితో రుద్ది చూడండి. జిగురు తగిలినా, సన్నటి పగులు కనిపించినా మార్చేయాలి. ఆ పగుల్లోకి గొట్టాలు కడిగే కాస్టిక్ సోడా చేరదు, ఈస్ట్ చేరుతుంది. సీసాలో మళ్లీ పులిస్తే గ్యాస్ పుట్టి మూత తోసుకొస్తుంది. సీసాలు నింపే ఫిల్లర్‌ని శుద్ధి చేయడానికి వేడినీళ్లు పెట్టినప్పుడు 80 డిగ్రీలు చూడాల్సింది బాయిలర్ దగ్గర కాదు, చివరి నాజిల్ దగ్గర. 20 నిమిషాల లెక్క అక్కణ్ణుంచే మొదలు.

ఈస్ట్‌ని ఆపే 0.45 మైక్రాన్ ఫిల్టర్ బాగుందో లేదో సీసాలు నింపకముందూ నింపాకా పరీక్షించాలి. ఈస్ట్‌ని చంపే డైమిథైల్ డైకార్బనేట్ అనే రసాయనం వాడే లైన్లో ఇంకో చిక్కుంది. సుమారు 17 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, చల్లటి సెల్లార్లో డోసింగ్ పంపు మూసుకుపోతుంది. విషపదార్థం గనక శిక్షణ లేనివాళ్లు ఆ పంపుని ముట్టుకోకూడదు.

ట్యాంకు పలక మీద మాట పూర్తిగా చదవండి. 2021 నాటి యూరోపియన్ నిబంధన ప్రకారం ఆల్కహాల్ 0.5 శాతం దాటకపోతేనే 'ఎంట్‌ఆల్కహోలిజీర్ట్', అంటే ఆల్కహాల్ తీసేసినది. ముందు 'టైల్‌వైజె' అని ఉంటే ఆల్కహాల్ కొంతే తీశారని అర్థం. రెండూ ఒకే గొట్టంలో కలిస్తే ఆ బ్యాచ్ లేబుల్‌కి పనికిరాదు. తీసిన ఆల్కహాల్ ట్యాంకు మాత్రం కస్టమ్స్ లెక్కలో ఉంటుంది, శాంపిల్ కోసమైనా అడగకుండా తెరవకూడదు.